రాయి కింద కీచురాయి

ఇక్కడ ఈ నొప్పికి పేరు యాభై భుజం.
అడిగితే చెబుతారు: ఏం లేదు, యాభై భుజం, అంతే.
వయసే ఎక్కి కూర్చుంది
జాతరకి తీసుకెళ్లిన పిల్లాడిలా, ఇక దిగనంటూ.

కునియాకి మంగలి.
ఎచిజెన్ కొండల వెనక, బస్సు వెనక్కి తిరిగే చోట
ఎరుపు తెలుపు నీలం చారలు తిరుగుతుంటాయే, ఆ కొట్టు.
ముప్పై ఏళ్లు గాల్లో దువ్వెన ఎత్తిపట్టిన ఎడమ చెయ్యి
పోయిన చలికాలం చెవి దాకా వచ్చి ఆగిపోయింది.
పొడుగు మనుషుల నడినెత్తిన
జుట్టు కాస్త ఎక్కువ మిగిలిపోతోంది.
ఎవరూ ఏమీ అనలేదు. అదే బాధ.

ముందు స్టేషన్ పక్క జిమ్‌లో చేరాడు.
నాలుగు గోడలా అద్దాలు.
కొట్టులోనూ అద్దాలే, కాని వాటిలో
ఇంకొకరి మొహం చూడ్డమే అలవాటు.
ఇరవై నాలుగేళ్ల కోచ్ కుర్రాడు
"ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటూ వెంటపడ్డాడు
పెళ్లి బంతిలో లడ్డూలు వడ్డించేవాడిలా.
మూడో రోజుకి దువ్వెనే బరువైంది.

నాలుగుతో, తొమ్మిదితో ముగిసే తేదీల్లో
గుడి నుంచి ర్యోగెన్ గారు వస్తారు, గుండుకి.
ఒకప్పుడు తన కత్తి తనే పట్టేవారు,
ఇప్పుడు వేళ్లు వణుకుతాయి.
చెయ్యి ఆగిన చోటు అద్దంలో చూశారు.
చిల్లర లెక్కపెట్టి ఇస్తూ అన్నారు:
మా పెరట్లో ఓ రాయుంది. పనేం లేక పడుంది. వచ్చి చూడు.

గుండ్రటి ఏటిరాయి.
నాచు గీకితే పాత చెక్కుడు: పదహారు కాన్‌లు.
అంటే అరవై కిలోలు.
ఒకనాటి కుర్రాళ్లు పందెం కట్టి ఎత్తేవాళ్లట.

"ఎన్నిసార్లు ఎత్తాలి?"
"లెక్క నీది. బరువు రాయిది. నడుం ఎవరిది?"
కునియాకికి జవాబు తట్టలేదు.
పెద్దాయనకీ తెలిసినట్టు లేదు,
చీపురు తీసుకుని అటు వెళ్లిపోయారు.

మొదటి నెల, చేతులు ఆనించి కూర్చోడమే.
రెండో నెల, ఊపిరి వదులుతూ
నేలకీ రాయికీ మధ్య ఒక వేలి మందం వెలుతురు.
కొన్నాళ్లు లేస్తుంది. కొన్నాళ్లు లేవదు.
లేవని రోజు ఎండుటాకులు ఊడ్చి ఇంటికొస్తాడు.
"ఇవాళ ఎంత?" అంటుంది సచియే.
"అదే రాయి."
ఆవిడ ముల్లంగి ఊరగాయ పీపా మీది బండ తీసి
పక్కన పెడుతూ అంటుంది:
ఇది నేను రోజూ ఎత్తుతున్నాను,
నాకే గురువూ దొరకలేదు.

ఎండలు తగ్గాక ర్యోగెన్ గారు మళ్లీ వచ్చి నిలబడ్డారు.
ఎత్తడం చాలు. దించడం చూద్దాం.
రాయి అంచు కింద సందులో
కీచురాయి ఒకటి కాపురం పెట్టింది.
దాని పాట ఆగకుండా దించు.

ధబ్. నిశ్శబ్దం.
మర్నాడూ ధబ్. మర్నాడూ నిశ్శబ్దం.
రాయి ఊరుకుంటుంది, కీచురాయీ ఊరుకుంటుంది,
మోకాళ్లే ఏదో గొణుగుతాయి.
ఎత్తడానికి మూడు ఊపిర్లు పడితే
దించడానికి తొమ్మిది పట్టాయి, తొడలు వణికాయి,
చెమట ముక్కు చివర వేలాడి, పడలేదు.
ఒక సాయంత్రం పాట ఆగలేదు.
ఆగిందేమో కూడా. వాగు హోరులో తెలీలేదు.

అక్టోబరు పంతొమ్మిది.
గుండు సగంలో ఉండగా
పెద్దాయన కుర్చీలోనే నిద్రలోకి జారిపోయారు.
తల ఎడమకి ఒరిగింది.
కత్తి కుడిచేతిలో.
ఆ రెండో చెయ్యి, ఆ మొండి చెయ్యి,
ఎవరూ పిలవకుండానే వెళ్లి పట్టుకుంది.
తల ఇంత బరువని ముప్పై ఏళ్లలో తెలీదతనికి,
ఇన్నాళ్లూ అవతలివాళ్ల మెడే మోసింది కదా.
మోకాళ్లు వంచాడు. ఊపిరి వదిలాడు.
ఒక్కో ఊపిరికీ కొంచెం కొంచెంగా
కుర్చీ దిండు మీదికి.

గురక ఆగలేదు.

బయట చారలు పైకి పైకి పాకుతున్నాయి
ఎక్కడికీ పోకుండా.
మిగతా సగం మీద నురగ ఆరిపోతోంది.
ఆరనీ.
బస్సుకి ఇంకా నలభై నిమిషాలుంది.