పిన్నీసు

పెద్ద ఆరాధన రోజు కుర్చీలు రాలేదు.
సిరొంచ నుంచి తెస్తానన్న ట్రాక్టరు
ప్రాణహిత ఇసుకలో దిగబడిందట.
సరే, చాపలే.
మగవాళ్ళు ఆ వైపు, మేము ఈ వైపు,
నడుమ నాలుగు సత్తు గిన్నెలు.
వాటిలో ఒకటి నాది,
మొన్నటిదాకా పచ్చడి కారం కలిపింది,
ఎంత తోమినా అడుగున ఎరుపు వదల్లేదు.

బోరింగు నీళ్ళు తుప్పు వాసన.
జక్కరయ్య పాస్టరు ఏటా చెప్పే మాటే చెప్పాడు:
మన సంఘానికి పెద్దలు మంచుదేశపు గోధుమ రైతులు,
తుపాకీ పట్టమంటే పట్టక
చేలూ ఇళ్ళూ వదిలి ఓడలెక్కినోళ్ళు.
వాళ్ళ పేర్లు మా నోట తిరగవు.
మంచు మాలో ఎవరం చూడలేదు.
తుపాకీ మాట వచ్చినప్పుడల్లా మాత్రం
చాపల మీద ఎవరో ఒకరు దగ్గుతారు.

ఇక్కడ పగలు వచ్చేవాళ్ళ భుజానా అదే,
రాత్రి వచ్చేవాళ్ళ భుజానా అదే.
ఇద్దరూ అన్నమే అడిగారు.
ఇద్దరికీ పెట్టాం.
చెయ్యి కడుక్కున్నాక ఇద్దరూ అడిగారు,
వాళ్ళకెందుకు పెట్టారని.

ఆ ఒక్క ప్రశ్నకే మా తమ్ముడు ఓబేదు
క్యాంపులో పదకొండు రోజులున్నాడు.
వచ్చాక నాగలి పట్టలేదు.
కుడి చెయ్యి భుజం దాకా లేవదు.

ఎవరు ఎవరి కాళ్ళు కడగాలో చీటీలు తీశారు.
నా చీటీలో రాహేలమ్మ.

రాహేలమ్మ కొడుకు యోనా
ఆదివారం బడిలో నా పక్కన కూర్చుని
నా బలపం కొరికి తిన్నవాడు,
పోయినేడు గడ్చిరోలిలో పరుగు గెలిచి
పోలీసయ్యాడు.
ఆ క్యాంపులోనే ఉన్నాడో, లేడో
నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.
సంఘం పుస్తకంలో వాడి పేరు మీద
పెన్సిలు గీత ఒకటి ఉంది.
సిరాతో గీయడానికి జక్కరయ్యకు చెయ్యి రాలేదు.
వాడి మొదటి జీతంతో వేసిన రేకుల కిందే
అందరం కూర్చున్నాం,
ఎండకు అవి టపటపమంటుంటే
పైకి చూడకుండా.

ఆమె ఎడమ పాదం గిన్నెలో పెట్టింది.
తునికాకు ఏరిన పాదం,
మిరప చేలకు గోదారి దాటిన పాదం,
మడమ పగుళ్ళలో రెండు జిల్లాల మట్టి.
కళ్ళు మూసుకొని తొందరగా
రెండు దోసిళ్ళు పోసి లేద్దామనుకున్నాను.
బొటనవేలి కింద వేలు తగిలేసరికి
కాలు వెనక్కి లాక్కుంది.
ముల్లు.
పాతది, నల్లగా, చుట్టూ చీము పట్టి.

జాకెట్టుకు పెట్టుకున్న పిన్నీసు తీశాను.
"ఇప్పుడెందుకే" అని కసిరింది.
"కదలకు" అని నేనూ కసిరాను.
వెనక వరసలో పాట మూడో చరణం అయిపోయింది,
మళ్ళీ మొదటి నుంచి అందుకున్నారు.
జక్కరయ్య వచ్చి వంగి చూసి
ఏం మాట్లాడాలో తెలియక
సెల్లు లైటు పట్టాడు.

నొప్పికి ఆమె నా భుజం పట్టుకుంది.
గోళ్ళు దిగాయి.
నేనూ పిన్నీసు అవసరానికన్నా
కొంచెం లోతుకే గుచ్చాను.
దేవుడు చూశాడు. ఆమెకూ తెలుసు.

ముల్లు వచ్చింది, జొన్నగింజంత.
నీళ్ళు ఎర్రబడ్డాయి,
గిన్నెలోని పాత కారమో, నెత్తురో.
తర్వాత ఆమె నా కాళ్ళు కడిగింది.
"మీ అమ్మవే" అంది, చిటికెన వేలు తుడుస్తూ.
అంతకుమించి ఏమీ అనలేదు.
క్షమించానని నేనూ అనలేదు.
ఆ నీళ్ళు గుడి వెనక ఆనపపాదుకు పారబోశాం.

పిన్నీసు ఆమె కొంగులోనే ఉండిపోయింది.
జాకెట్టు ఒక చేత్తో పట్టుకొని
ఇల్లు చేరాను.

ఓబేదు ఎడమ చేత్తో అన్నం కలుపుతున్నాడు.
ఎవరి కాళ్ళొచ్చాయన్నాడు.
చెప్పాను.
ముద్ద కంచంలోనే ఆగిపోయింది.
చాలాసేపటికి, తల ఎత్తకుండా,
"ముల్లు విరగకుండా వచ్చిందా?" అన్నాడు.