చేతిలో ఒకటి

మింట్ వీధిలో మేడ మీద గది.
కింద కచోరీల నూనె కాగుతుంటే
పైన పూనమ్‌చంద్ సేఠ్ తాకట్టు చిట్టాలు
వేలు జరుపుతూ కూడేదాన్ని.
పది తప్పినదాన్ని; లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో.
పెన్సిలు కంటే ముందు నోరే మొత్తానికి చేరుతోందని
నెలకి నూట ఎనభై ఇచ్చాడు.
"ఏడూ ఎనిమిదీ పదిహేను,
ఐదు వేసి, చేతిలో ఒకటి."
ఆయనకి తెలుగు రాదు.
ఏదో మంత్రమనుకుని, నేను కూడుతున్నంతసేపూ
పాన్ నమలడం ఆపేవాడు.

ఆ బహీల రాతకి
గుడులుండవు, కొమ్ములుండవు, దీర్ఘాలసలే ఉండవు.
హల్లుల ఎముకలు రాసి పెడతారు,
ఊపిరి మనం పోసుకోవాలి.
పొరపాటున చదివితే
ఊరి పేరు మనిషి పేరవుతుంది,
ఒకరి గొలుసు ఇంకొకరి మెడకెక్కుతుంది.
ఆరునెలలు పట్టింది. ఎవరూ నేర్పలేదు,
ఎవరూ వద్దనలేదు.

ఎనభై తొమ్మిదిలో సేఠ్ కొడుకు కంప్యూటరు తెచ్చాడు.
తెర మీద కుంకంతో స్వస్తిక్ వేసి,
ప్లాస్టిక్ ముసుగు కప్పి,
తండ్రికి లేని ఏసీ దానికి పెట్టించాడు.
మధ్యాహ్నం చల్లదనం కోసం ఆ గదిలో దూరాను,
నిజం చెప్పాలంటే అంతే,
ఊరుకోలేక ముసుగు తీశాను.
పుస్తకం ఇంగ్లీషులో. పేజీకి పద్దెనిమిది మాటలు తెలియవు.
పర్లేదు,
అచ్చులు లేకుండా చదవడం వచ్చినదాన్ని.

అది చచ్చిన ప్రతిసారీ గోనెసంచిలో చుట్టి
రిక్షాలో రిచీ స్ట్రీట్‌కి.
అన్వర్ భాయ్ విప్పుతుంటే
సీసం కాలిన వాసనలో స్టూలు మీద కూర్చునేదాన్ని.
మూడోసారికి స్క్రూడ్రైవరు నా చేతికిచ్చాడు.
ఆరోసారికి కొట్టు అద్దెలో సగం అడిగాడు.

కొత్వాల్ చావడి ఉల్లిపాయల మండీకి
నేను రాసిన మొదటి ప్రోగ్రాం
ఉన్నట్టుండి ఒక రూపాయి తక్కువ చూపేది.
రూపాయే కదమ్మా, పోనీ అన్నాడు మండీ నాయకరు.
మూడు రాత్రులు పోనివ్వలేదు.
పైసలు వంద దాటాక చేతిలో ఒకటి
రూపాయల వరసకి మొయ్యాలని
దానికి చెప్పడం నేనే మర్చిపోయా.

షేర్లలోనూ దిగాను. తొంభై రెండు.
ఆ వరస కూడను.

తర్వాత వ్యాసర్‌పాడి, కుట్టుమిషన్ల గది మీద మేడ,
ఎనిమిది కంప్యూటర్లు, పన్నెండుమంది ఆడపిల్లలు.
జమ అంటే ఏమిటో, ఖర్చు అంటే ఏమిటో
అరటిపళ్ల బండితో మొదలుపెట్టేదాన్ని.
అరటిపండుని వాళ్ల భాషలో అనగానే
గది గదంతా నవ్వేది.
ఆ ళ కాని ళ నా నోట ఏనాడూ నిలబడలేదు.
దేవకిరుబై అనే పిల్ల బల్ల దిగి వచ్చి
నా ముందు నోరు తెరిచి చూపించింది:
"నాలుక మడవండి మిస్, ఇంకా, ఇంకా వెనక్కి."
ఆ రోజు పాఠం అంతే జరిగింది.
ఫీజు ఎవరు ఎవరికివ్వాలో
చిట్టాలో ఎలా రాయాలో తెలియలేదు.

ఇప్పుడు అరవై ఒకటి. మోకాలు తప్ప అన్నీ పనిచేస్తున్నాయి.
మూర్ మార్కెట్‌లో ముప్పై రూపాయలకి
జర్మన్ వ్యాకరణం దొరికింది, మొదటి నలభై పేజీలు లేవు.
వర్తమానకాలం చిరిగిపోయింది,
భూతకాలం నుంచి మొదలుపెట్టాను.
ఎందుకని అడిగింది పక్కింటావిడ.
ముప్పై రూపాయలే కదా అన్నాను,
ఆవిడకి సరిపోయింది, నాకు సరిపోలేదు.

మొన్న పెరంబూరు బ్యాంకులో
డిపాజిట్ కాగితాలతో వరసలో నిలబడ్డాను.
కరెంటు పోయింది. కంప్యూటర్లు ఆగాయి.
అద్దం వెనక ఒకామె విసుక్కోకుండా
నా కాగితం వెనక పెన్నుతో వడ్డీ కట్టడం మొదలెట్టింది.
కళ్లజోడు వచ్చింది, కాస్త ఒళ్లు చేసింది,
తలెత్తలేదు, నన్నింకా చూడలేదు.
పెదాలు కదులుతున్నాయి.
ఒక్క ముక్క తెలుగు రాని దేవకిరుబై
"సేదిలో ఒగటి" అనుకుని
పక్క వరసకి వెళ్లింది.

నేను దిద్దలేదు.