క్రియాపదం

రాత్రి పదకొండున్నర. గవర్నరుపేటలో కరెంటు పోయి వచ్చింది.
విదేశీ పేజీలో ఇంకా నాలుగు కాలాల ఖాళీ.
నా ముందు ఏజెన్సీ కాపీ:
ఎక్కడో దేశం, ఎవరిదో వీధి,
పెరుగు ప్యాకెట్ కొనుక్కుని ఇంటికి నడుస్తున్న
యాభై ఏళ్ల మనిషి.
బైకు మీద ఇద్దరు. మూడు తూటాలు.
ఒక చెప్పు రోడ్డు మీదే ఉండిపోయిందట.

మన తెలుగులో చావుకి క్రియల కరువు లేదు.
పొట్టనబెట్టుకున్నారు అంటే
చదివేవాడి గొంతు పూడుకుపోతుంది.
మట్టుబెట్టారు అంటే
అదే మనిషి మీసం దువ్వుతాడు.
హతమయ్యాడు అన్నామా, ఇక ఎవరూ చంపనక్కర్లేదు,
వాన వెలిసినట్టు దానంతటదే అయిపోతుంది.

"పంపిందెవరో తేలిందా?"
కళ్లజోడు నుదుటి మీదికి తోసి
శేషఫణి గారు అడిగారు.
చచ్చిందెవరని అడగలేదు.

పోయిన చలికాలం ఇదే పేజీ, ఇలాంటి వీధే.
అప్పుడు పంపింది మనకి గిట్టని దొరతనం.
"పరాయి గడ్డపై కిరాతకం" అని పతాకం కట్టాం,
సంపాదకీయానికి అంతర్జాతీయ చట్టం జ్ఞాపకం వచ్చింది.
అతనికీ ఒక చెప్పు ఊడిపోయింది.
దానికి ప్రత్యేకంగా బాక్సు, నేనే రాశాను.
మా ఆవిడ చదివి ఆ పూట అన్నం ముట్టలేదు.

ఈసారి మనకి కావలసినవాళ్లు.
కాబట్టి, గుర్తు తెలియని వ్యక్తులు.
కింద టీ బండి దగ్గర జోజిబాబు ఆ మాట పలికే తీరు చూడాలి,
గడప దగ్గర ఆపి మొగుడి పేరు చెప్పమంటే
కొత్త పెళ్లికూతురు సిగ్గుపడ్డట్టు.
పేరు అందరికీ తెలుసు.
చెప్పించుకోవడంలోనే సరదా.

నవ్వుతున్నాను గానీ,
నాకు తొమ్మిదేళ్లప్పుడు
లారీ యూనియన్ గొడవల్లో మా పెదనాన్నని
రైవస్ కాలువ గట్టున నరికారు.
అది మా ఇంట్లో హత్య. ఇప్పటికీ హత్యే.
ఏడాది తిరక్కముందే అవతలివాడు కృష్ణలంకలో పడ్డాడు.
ఆ రోజు మా పెరట్లో కోడిని కోశారు.
"దేవుడున్నాడు" అంది నాయనమ్మ.
దేవుడికి కత్తి ఎవరిచ్చారో
మా చిన్నాన్న చేతులు కడుక్కున్న బావికి తెలుసు.
అవతలివాడి కూతురు నిర్మలాదేవి నా క్లాసే.
పదిరోజుల తర్వాత బడికొచ్చి లెక్కల నోట్సు అడిగింది.
ఇచ్చాను.
ఇద్దరం ఏ క్రియా వాడలేదు.

పన్నెండూ పది. పేజీ దిగాలి.
"చంపారు" అని కొట్టాను.
శేషఫణి గారు చూసి, తిట్టలేదు, మెత్తగానే అన్నారు:
"హతం అను నాయనా. రెండక్షరాలు, పాయింటు పెంచొచ్చు."
ముందు "కుట్రదారు" ఆయనే చేర్చారు.
కాపీలో ఆ మాట లేదు. పెరుగు ఉంది, తీసేశాం.
అడుగున సగం పేజీ చీరల దుకాణం,
ఆషాఢం తగ్గింపు.

చెప్పు పట్టలేదు.