ఒకటే కొక్కెం

పలాస రైల్వే క్వార్టర్లో పైకప్పుకి
ఒకటే కొక్కెం.
కట్టినవాళ్లు ఫ్యాను దాకా ఆలోచించారు,
ఇద్దరు పిల్లల దాకా రాలేదు.

ఫ్యాను విప్పి మంచం కిందికి తోశాం.
కొక్కేనికి నా నీలం చీర.
ఏడు నిమిషాల పెద్దది చీరలో,
ఏడు నిమిషాల చిన్నది నా చాచిన కాళ్ల మీద.
కాళ్లు తిమ్మిరెక్కితే తారుమారు.
కరెంటు పోతే వీధంతా ఉస్సురంటుంది,
మా ఇంట్లో ఆ సంగతే తెలీదు.

పేర్లింకా పెట్టలేదు.
మేనత్త రావాలి తాడిపత్రి నుంచి,
రెండు బండ్లు మారి, ఒక రాత్రి ఒక పగలు.
అమ్మ పన్నెండు రోజులుండి వెళ్లిపోయింది,
తమ్ముడి కాలికి ప్లేటు వేశారని.
ఆటో ఎక్కుతూ చెప్పింది:
"ఇద్దరూ ఒక్కతూరి ఏడిస్తే
మెల్లగా ఏడ్చేదాన్ని ముందెత్తుకో.
గట్టిగా ఏడ్చేది ఎట్లైనా బతుకుతాది."

ఈయన పాయింట్స్‌మన్.
రాత్రి డ్యూటీ దిగొచ్చి, బూట్లయినా విప్పకుండా
పాల లెక్క రాస్తాడు, స్టేషన్లో రాసినట్టే:
పెద్దది. రాక రెండూ పది. పోక రెండూ ముప్పై ఐదు.
చిన్నది. నలభై నిమిషాలు లేటు. కారణం తెలియదు.
ఒక తెల్లవారుజామున రాశాడు:
రెండూ ఒకే లైను మీద. తల్లి లూప్‌లైన్లో నిద్ర.
అది చదివి నవ్వాను, ఏడ్చాను.
ఏది ముందో రిజిస్టర్లో లేదు.

గోడవతల అసిరమ్మ
జీడి బట్టీలో కాయ కొడుతుంది.
మొదటిసారి గుమ్మంలోనే నిలబడి
"గుంటలు తొంగున్నారేటి?" అంది.
మా సీమలో గుంటంటే గొయ్యి.
ఉలిక్కిపడి ఇద్దర్నీ రొమ్ముకి అదుముకున్నాను.
సంగతి తెలిశాక ఆమె గోడకి ఆనుకుని నవ్వింది,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.
ఆ చెయ్యి మోచేతి దాకా నల్లగా ఉంది.

ఇప్పటికీ పిల్లల్ని ముట్టుకోదు.
"జీడి చెయ్యమ్మా, పసిగుంటల ఒల్లు పొక్కిపోద్ది."
సబ్బుతో, ఇసకతో, కిరసనాయిలుతో తోమి వచ్చినా
రెండు చేతులూ ఒళ్లో దాచుకుని కింద కూర్చుని
ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి చుట్టుకుంటుంది.
లాగుతుంది, వదులుతుంది.
చూపంతా చీర మడతలోంచి కనబడే
ఆ ఒక్క చెవి మీద.

ఆ రోజు నేను అన్నం వేడిగా తిన్నాను.
కన్న నలభై మూడో రోజున.

రెండో కొక్కేనికి అర్జీ పెట్టాడు ఈయన.
క్వార్టరు రూపం మార్చరాదని జవాబొచ్చింది.
"ఒక్క కొక్కేనికి రెండు కోకలు కడితే ఏటవుద్ది?"
అంది అసిరమ్మ.
కట్టాం.
ఏమయిందంటే
పెద్దది ఊగితే చిన్నదానికి తగిలింది,
చిన్నది ఏడిస్తే పెద్దది లేచింది,
ముగ్గురం పెద్దవాళ్లం
ఎవర్ని పట్టుకోవాలో తెలీక
చీరల్నే పట్టుకుని నిలబడ్డాం.

రాత్రి ఎనిమిదిన్నరకి అమ్మ ఫోను.
ఇద్దరి మధ్య దిండు మీద పెడతాను, స్పీకరేసి.
"పాపోళ్లు ఏం చేస్తాండారు?"
నేను, పాలడబ్బా మూత వెతుక్కుంటూ, పరధ్యానంగా
"తొంగున్నారమ్మా, గుంటలు" అన్నాను.

అటువైపు మాట లేదు.
వాళ్ల ఇంటి కుక్కర్ ఒకటి, రెండు కూతలు పెట్టింది.
"ఎవరే నువ్వు?" అంది అమ్మ.
నవ్వుతూ అందో లేదో,
లైను తెగిపోయింది.

గూడ్సు పోతోంది, పొడుగాటిది.
అలమారలో పాలసీసాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి.
చిన్నది కళ్లు తెరిచి ఫోనువైపే చూస్తోంది,
ఏడవకుండా.

రిజిస్టరు తీశాను.
చిన్నది. ఎనిమిదీ నలభై. మేలుకుంది.
కారణం దగ్గర గూడ్సు అని రాసి
కొట్టేశాను.