కాలు కడగనేల

అడుసు తొక్కనేల, కాలు కడగనేల
అన్నవాడి పెరట్లో ఏరు లేదు.
మా పెరటి గుమ్మం దిగితే బాహుదా మొగ.
పోటుకి నీళ్ళు చాకిబండ దాకా వస్తాయి.
పాటుకి డెబ్భై అడుగుల అడుసు పరిచి
చెప్పకుండా వెళ్ళిపోతాయి.

గోపాలపురంలో లాడ్జి మూసేసినప్పుడు
నాలుగు నెలల జీతం బదులు
మా ఆయన రెండు కయాక్‌లు తెచ్చాడు, ఆటో మీద కట్టి.
పసుపువి. ఒకదానికి అడుగున చిల్లు, ఎమ్‌సీల్ పెట్టాం.
"పందులకి కుడితి తొట్టెలు" అన్నాడు మామ,
ముప్పై ఏళ్ళు తెప్ప మీద కెరటం దాటినవాడు.

మొదటిరోజు నేనూ నా కూతురూ తోశాం.
(బడిలో సస్మిత, ఇంట్లో నూకాలు.)
మోకాలి దాకా దిగబడ్డాం.
లాగితే కాలొచ్చింది, చెప్పు రాలేదు.
పీతలు చేతులెత్తి చూసి కన్నాల్లో దూరాయి.
గట్టు మీద పితబాసు నవ్వీ నవ్వీ
బీడీ ఆర్పేసుకున్నాడు.

తర్వాత చెక్కలు వేశాం. మింగేసింది.
గోనెలు, కొబ్బరి మట్టలు,
తుపానుకి ఊడిన వంటింటి తలుపు.
తలుపు మాత్రం నాలుగు రోజులు ఆగింది.
అయిదో రోజు గొళ్ళెం ఒక్కటే పైకి కనబడుతోంది,
కింద ఎవరో కాపురమున్నట్టు.

బడిలో దీన్ని పంకొ అంటారట, మేం అడుసంటాం.
నూకాలు రెండూ అంది, మధ్యలో ఓ బూతు కూడా.
విననట్టే ఊరుకున్నాను.

ఆఖరికి మామే లేచొచ్చాడు, నోట్లో చుట్ట తీయకుండా.
"దాన్ని తోస్తారేటి? ఎక్కి కూకోండి."

నీళ్ళు ఇంకా అల్లంత దూరాన ఉండగా
బురద మీద, పడవల్లో కూర్చున్నాం
తెడ్లు ఒళ్ళో పెట్టుకుని
పెళ్ళిచూపుల్లో లాగ.
ఊరంతా చూసింది.
సోనాపూరు బస్సు కూడా కాస్త నెమ్మదించింది.

మడచెట్ల వేళ్ళ సందుల్లోంచి ముందు చప్పుడొచ్చింది,
ఎసరు పొంగే ముందు మూత కదిలినట్టు.
తర్వాత ఓ నురుగు గీత. ఒక కొబ్బరి పీచు. ఎవరిదో చెప్పు, మాది కాదు.
"జువారొ ఆసిలాణి" అంది నూకాలు, గొంతు తగ్గించి.
తొడల కింద ప్లాస్టిక్కు ఒక్కసారి ఊపిరి పీల్చింది.

ఎవరూ తోయలేదు.

అవతల ఏముందని? ఇసుక, సరుగుడు తోట.
అక్కణ్ణుంచి మా ఇల్లు చూశాం.
పెరటి గోడకి ఏనాడూ సున్నం వేయలేదు మేము.
ఇన్నేళ్ళూ ఏరు చూస్తున్నది అదన్నమాట.

సరుగుడు నీడన కునుకు తీసి తిరిగొచ్చేసరికి
పాటు లాగేసింది.
మళ్ళీ డెబ్భై అడుగులు.
మళ్ళీ మోకాళ్ళు.
గట్టు మీద మామ బిందెతో నిలబడ్డాడు.
ఆ పూటకి ఇంట్లో ఉన్న మంచినీళ్ళన్నీ అవే.
"కాళ్ళకా, కూరకా?" అన్నాడు.