యాభై ఒకటి

పుసాన్‌లో, యొంగ్దో వంతెన దిగాక,
ఉపాధి కేంద్రం మూడో అంతస్తులో నా బల్ల.
పదకొండేళ్ళుగా మనుషుల్ని
నాలుగేసి అక్షరాలుగా మడిచి
కవర్లో పెట్టి ఇస్తున్నాను.

నిన్న కాఫీ కొట్టు యజమాని ఫోన్ చేశాడు.
"మొదటి అక్షరం 'ఈ' అయితేనే పంపండి,
'ఐ' వాళ్ళొద్దు, నవ్వరు."
ఉల్లిపాయలు ఏరుతున్నట్టే చెప్పాడు.
నేనూ చీటీ మీద అలాగే రాసుకున్నాను.

ఇవాళ వచ్చినావిడ తాక్ ఓక్‌బున్.
అరవై మూడేళ్ళు. చేపల బజారు పడగొట్టేశారు.
వేలి గోటి పక్కన ఒక పొలుసు
ఇంకా ఖాళీ చేయకుండా మెరుస్తోంది.
కళ్ళజోడు తేలేదంటే, ప్రశ్నలు నేనే చదివాను.

"విందుల్లో కొత్తవాళ్ళతో ఇట్టే కలిసిపోతారా?"
"ఎవరి విందు? గిన్నెలు కడిగేది నేనేనా?"

"మనసు మాట వింటారా, బుద్ధి మాటా?"
"అప్పులవాడు గుమ్మంలో ఉన్నప్పుడా, లేనప్పుడా?"

"రేపటి పనికి ముందే పథకం వేసుకుంటారా?"
దీనికి జవాబు లేదు.
కిటికీలోంచి సముద్రం కేసి చూసి
నా మీద జాలిపడినట్టు తల తిప్పుకుంది.

డెబ్భై ప్రశ్నలు, రెండు గంటలు.
బయట బెంచీ మీద కుర్రాడు, పేరు సోల్‌చాన్,
ఫోను తొడుగు మీద తన అక్షరాలు అచ్చేయించుకుని తిరుగుతాడు.
నచ్చిన పిల్లతో పట్టికలో పొసగలేదని
ఆమెకు ఉత్తరమే రాయలేదట.
వాడు రెండుసార్లు లోపలికి తొంగి చూశాడు.

యంత్రం కాగితం కక్కింది:
బహిర్ముఖి. యాభై ఒకటి శాతం.
ఆ పైనున్న ఒక్కటీ ఎక్కడిదో నాకు తెలుసు.
"సరే, గిన్నెలు కడగక్కర్లేదనుకోండి" అన్నది నేనే.
"అయితే కలుస్తాలే" అందావిడ.
అంతే, ఒక అక్షరం పుట్టింది.

కాగితాన్ని ఆవిడ దూరంగా పట్టుకుంది.
"ఇది నన్నెప్పుడు తూచింది?"
"ఇప్పుడేగా అమ్మా."
"అదే అంటున్నా.
తొట్టిలోంచి తీసిన చేపని తీసినట్టే తూస్తే
నీళ్ళకీ డబ్బు పడుద్ది.
కాసేపు జల్లెడలో ఉంచాలి.
నేను పని కావాలని నిలువునా తడిసి వచ్చా.
ఆ తడంతా ఇందులోనే ఉంది."

అప్పుడు చెప్పాను, పదకొండేళ్ళలో మొదటిసారి
(మనిషికి ఏడు నిమిషాలే ఇస్తారు మాకు):
ముల్లు మధ్యలో వణుకుతున్నా
ఎటో ఒకవైపు రాయడమే దీని పద్ధతి.
నెల తిరిగాక మళ్ళీ రాస్తే అక్షరం మారొచ్చు.
ఇది మీకేం చేతనవునో చెప్పదు.
ఇవాళ మీ గురించి మీరేం చెప్పుకున్నారో
దాన్నే ఇస్త్రీ చేసి తిరిగి ఇస్తుంది.

"అద్దం లాగానా?"
"కాదు. ఫోటో లాగా."
"ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఫోటో" అని
నవ్వి, కాగితంలో ఏదో చుట్టుకుని వెళ్ళిపోయింది.
అల్లం ముక్కో, బస్సు చిల్లరో.

సాయంత్రం సొరుగు అడుగున నాదే దొరికింది,
శిక్షణలో మొదటి రోజు రాసింది.
తీర్పరి. స్థిరచిత్త. నాయకురాలు.
మా అధికారిణి ఆ వేళ నా భుజం వెనకే నిలబడి ఉంది.
ఒక్కో ప్రశ్నకూ ఆమె చెప్పుల చప్పుడు విని
గడి నింపాను.
తర్వాత ఆ కాగితాన్ని నమ్మి,
ఏడవాల్సిన చోట పళ్ళు బిగించి,
అన్ని వేల రోజులు ఆ నీళ్ళ బరువు మోశాను.

కాఫీ కొట్టుకి ఫోన్ చేశాను.
"ఒకావిడ ఉంది, పంపుతున్నా."
"ఏ అక్షరం?"
"యాభై ఒకటి."
అవతల కప్పులు గలగలమన్నాయి, మాట లేదు.
"గిన్నెలు ఎవరు కడగాలో మాత్రం
ముందే తేల్చుకోండి" అని
పెట్టేశాను.