వంతు

పదకొండు పెట్టెలు.
వార్మికోచ సరస్సు చుట్టూ, మంచుగడ్డ అంచున,
ఒక్కొక్కటీ చెప్పుల డబ్బా అంత.
ఒక్కోదానికీ ఒక యాంటెనా, ఒక బ్యాటరీ, ఒకే మాట:
నీళ్లు ఇంత ఎత్తున ఉన్నాయి.

తీగ లేదు. టవర్ లేదు.
పక్కదాని చెవిలో వేస్తే అది ఇంకోదాని చెవిలో వేసి
కింద ఊళ్లో బడికప్పు మీది పెట్టెకు చేరాలి ఆ మాట,
వరదకంటే ముందు.

మొదటి రాత్రి అన్నీ ఒక్కసారే మాట్లాడాయి.
నా తెర మీద చేపల సంత.
ఎప్పుడు తోస్తే అప్పుడు మాట్లాడండి,
ముందు కాస్త చెవి ఒగ్గి వినండి చాలు అని
వాటి బుర్రలో రాసింది నేనే.
విన్నాయి, పాపం.
కానీ మూడోదానికి తొమ్మిదోది వినపడదు, మధ్యలో కొండ.
అంతా సద్దుమణిగిందనే అనుకున్నాయి రెండూ,
ఒకే క్షణాన ఐదోదాని చెవిలో అరిచాయి.
ఐదోదానికి మిగిలింది ఒక గరగర.

మర్యాద చాలదని అప్పుడు తెలిసింది.
కొండ అవతల ఏముందో మర్యాదకు తెలియదు.

నాలుగు వేల ఐదొందల మీటర్ల ఎత్తున
గుడారంలో, పగిలిపోతున్న తలతో, బుగ్గన కోకా ఆకు పెట్టుకుని
గళ్ల కాగితం మీద రంగులు దిద్దుతూ కూర్చుంటే
ఎవరిస్తో తొలెంతినో వచ్చాడు, గాడిద మీద నా బ్యాటరీలతో.
ఊరి నీరుగంటి. ఒక కంటికి పొర కమ్మింది.
కాగితం అటూ ఇటూ తిప్పి, "ఏ కాలవ ఇది?" అన్నాడు.
కాలవ కాదు, గాలి, అన్నాను.
"వంతులేగా," అన్నాడు.

అతని జేబులో చెమటకు ఉబ్బిన నోటుబుక్కు.
ముప్పై నాలుగు ఇళ్లు, రెండు కాలవలు, వాన లేని ఐదు నెలలు.
ఒకే తూము కింది ఇద్దరికి ఒకే గంట ఇవ్వడు,
వాళ్లు ఒకరి ముఖం ఒకరు ఎరగనివాళ్లయినా సరే.
తూము వేరైతే ఎదురెదురు చేలకైనా ఒకే గంట,
రాత్రి చిన్నది కాబట్టి.
వంతుకూ వంతుకూ నడుమ ఒక సిగరెట్టంత ఖాళీ:
"పలక దించేవాడి చేతులు చలికి కొంకర్లు పోతాయి కదమ్మా.
గడియారాలన్నీ ఒక్కలా నడవవు."

నేను ఐదేళ్లు చదివిన చదువు అది.
ఇరవైకి పదకొండొచ్చాయి నాకు అందులో.

ఆ రాత్రి వంతులు మార్చాను.
మూడుకీ తొమ్మిదికీ వేరువేరు రెప్పపాట్లు.
ఒకటీ పదకొండూ చెరో కొసన, వాటి మాట వినేవాళ్లు వేరు,
వాటికి ఒకే రెప్పపాటు.
మిగతా వేళంతా నిద్ర;
ఎవరూ పలకని చోట మేలుకుని వింటూ కూర్చోవడమే
బ్యాటరీని తినేది.
తెల్లారేసరికి పదకొండు అంకెలు, వరసగా.

జూలైలో ఏడోది ఆగిపోయింది.
బ్యాటరీయో, నక్కో, జారిన మంచో.
లీమా నుంచి మా కుర్రాడు ఫోన్ చేశాడు:
ఆ వంతు పక్కవాటికి పంచేద్దాం, ఖాళీగా ఎందుకు?
సబబే. లెక్క ప్రకారం సబబే.

ఎవరిస్తో నోటుబుక్కు తెరిచి ఒక వరస మీద వేలు పెట్టాడు.
పౌలీనా ఓబ్రెగాన్, మంగళవారం, రాత్రి రెండు నుంచి మూడు.
ఏప్రిల్లో పోయింది. పేరు కొట్టేయలేదు.
ఆ గంట నీళ్లు ఎవరి చేలోకీ పోవు, వాగులోకి వదిలేస్తాడు,
కోతల దాకా.
క్షణం దండగ చేయని మనిషి!
దండగ కదా, అన్నాను.
"రెండింటికి కాలవ చప్పుడు ఆగితే
ఊరంతా పక్కల్లో కదులుతుంది,
ఎవరు లేరో తెలుస్తుంది."

ఏడో వంతు అలాగే ఉంచాను.
నిమిషానికొక రెప్పపాటు
పది పెట్టెలూ నోరు మూసుకుంటాయి,
ఐదోది చెవి తెరుచుకుంటుంది.
ఏమీ రాదు.
ఏమీ రాలేదని రాసుకుని కిందికి పంపుతుంది.

కొత్త బ్యాటరీతో పైకి వెళ్లాలి.
ఈ రాత్రే బయల్దేరదామంటే వద్దన్నాడు,
గాడిద అతనిది, నేనేం అనను.
ఇవాళ మంగళవారం.
రెండింటికి అతను తూము దగ్గర ఉండాలి.